రాసిచ్చిన మాటలు

విజయనగరంలో, కంటోన్మెంటు వైపు ఆస్పత్రి,
రెండో అంతస్తు వరండా.
ముప్పై మీటర్లు టేపుతో కొలిచి
ఈ చివరొకటి, ఆ చివరొకటి నారింజరంగు కోన్లు పెట్టాను.
మెడలో స్టాప్‌వాచీ.
చేతిలో, నేను అనొచ్చని రాసిచ్చిన ఐదు మాటలు.

సూరాడ నూకరత్నం, నలభై రెండేళ్లు,
చెప్పులు విప్పి గోడవారగా పెట్టింది.
వేలికి క్లిప్పు తగిలిస్తే
"ఇదేటి, ఎండ్రకాయ పట్టినట్టు పట్టీసింది" అంది.

చేతికి పట్టీ కట్టి చూస్తే నూట పది, డెబ్బై.
ఈ బీపీ అక్కడ దొరకదు.
గుండె నుంచి ఊపిరితిత్తులకి పోయే దారిలో ఉంటుంది,
నాళాలు సన్నబడి, గోడలు మందమై...
డాక్టరుగారు బొమ్మ గీశారు.
ఆవిడ బొమ్మని చాలాసేపు చూసి,
"కోనాడ మొగ ఇసక మేటేసినప్పుడు
సంపావతి ఎనక్కి పొంగీది బాబూ. అదే కదేటి?" అంది.
డాక్టరుగారు పెన్ను మూత పెట్టేశారు.
ఆవిడ వాచిన పాదాలకేసి చూశారు.

అంగీకార పత్రం ఇరవై మూడు పేజీలు,
నేనే చదివి వినిపించాను.
కొత్త మందు. ఇంకా బజారుకి రాలేదు.
సగం మందికి మందు, సగం మందికి మందు లేని బిళ్ళ,
రంగొకటే, చేదొకటే.
ఏది ఎవరిదో మీకు తెలీదు,
నాకు తెలీదు, డాక్టరుగారికీ తెలీదు.
పద్నాలుగో పేజీ దగ్గర ఆపింది.
"నిన్నటి సేప ఏ గంపలో ఉందో
కొన్నోళ్లకి నాను సెప్పీదాన్ని కాదు, నిజమే.
కానీ నాకెరికే.
అమ్మీవోళ్లకీ ఎరిక నేని బేరమేటమ్మా?"
ఇరవై మూడు పేజీల్లోనూ దానికి జవాబు లేదు.
"సరే గానీ, ఎవులో ఒకరు తినాల కదా ముందు" అని
తనే ఇంకు ప్యాడు దగ్గరికి లాక్కుని వేలు ముంచింది.

ముప్పై ఒకటో నంబరు డబ్బా.

నడుస్తోంది.
చింతపల్లి రేవు నుంచి పూసపాటిరేగ దాకా
నెత్తిమీద గంపతో, కానాగంతల నీళ్లు మెడమీద కారుతుంటే
బస్సుని నమ్ముకోకుండా నడిచిన మనిషి
కోను దగ్గర తిరగడానికి గోడ పట్టుకుంటోంది.
ఒక నిమిషం.
"మీరు బాగా నడుస్తున్నారు. ఇంకా ఐదు నిమిషాలున్నాయి."
రెండు.
"ఇలాగే నడవండి. ఇంకా నాలుగు నిమిషాలున్నాయి."
అంతే. రాసున్నది అంతే.
పక్కన నడవకూడదు, తొందర పెట్టకూడదు,
గొంతు కూడా ప్రతిసారీ ఒక్కలాగే ఉండాలి.
నా మాట ఆసరా అయిపోతే
మందెంతో మాటెంతో తేలదట.

నాలుగో నిమిషంలో ఆగిపోయింది.
పెదాలు నేరేడు పళ్లు తిన్నట్టున్నాయి.
మనిషి ఆగినా వాచీ ఆపకూడదు.
నాకేసి చూసింది.
అక్కా, ఇంక చాలు, కూర్చో అని
నాలిక చివరిదాకా వచ్చింది.
"కావలిస్తే గోడకి ఆనుకోవచ్చు" అన్నాను,
ఐదింటిలో ఆఖరిది, అది ఉంది.
ఇరవై ఆరు సెకన్లు.
మళ్లీ కదిలింది.

మొదటి వారం నూట ఎనభై ఆరు మీటర్లు.
పన్నెండో వారం రెండు వందల పంతొమ్మిది.
ఆ ముప్పై మూడూ
బిళ్ళ వల్లో, కింద క్యాంటీనులో తాగిన టీ వల్లో,
"ఈపాలి ఆ కిటికీ దాకా ఎలాగైనా ఎల్తాను" అన్న పంతం వల్లో
ఏ గడిలోనూ అడగరు.

"మీటర్లు నాకెరిక నేదు. మా ఊల్లో ఎంతదూరం, సెప్పు"
అంది కుర్చీలో కూలబడి, ఆయాసం మధ్య.
నేను చెప్పలేకపోయాను.
తనే లెక్క కట్టుకుంది:
"ఒడ్డున పడవల కాడ్నించి
తుపాను షెల్టరు మెట్ల దాకా.
మెట్లు ఎక్కనేను గానీ."

ఎవరు ఏం మింగారో రాసున్న కవరు
వేరే ఊళ్లో, వేరే బీరువాలో ఉంది.
అందరి నడకలూ అయ్యాక తెరుస్తారు.

అక్టోబరులో వాయుగుండం అన్నారు.
రేవుకి మూడో నంబరు హెచ్చరిక.
నేను మొదట ఫోను చేసింది ఆవిడకి.
ఏం చెప్పాలో ఎవరూ రాసివ్వలేదు.
"నూకరత్నమ్మా, ఇప్పుడే బయల్దేరు.
అందరికన్నా ముందు బయల్దేరు.
మెట్లున్నాయి."